నాలుగు అధ్యాయాలు చదివాక తలుపు చప్పుడైతే

ప్రశ్న: మూడేళ్లుగా ‘ఏడాదిలో బైబిల్’ ప్లాన్ పెట్టుకుని రోజూ ఉదయం మూడు నాలుగు అధ్యాయాలు చదువుతున్నాను. ఒక్క రోజు తప్పితే టెన్షన్. అయినా పొద్దున చదివింది మధ్యాహ్నానికి గుర్తుండదు. లేవీయకాండం, వంశావళులు వచ్చాయంటే కళ్లు పేజీ మీద, మనసు ఇంటి పనుల మీద. ప్రార్థనకు కూర్చుంటే మాటలు రావు. మా అత్తయ్యకు చదవడం రాదు. ఆరాధనలో విన్నదే ఆమెకు తెలిసిన వాక్యం. కానీ చుట్టుపక్కల ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందుగా వెళ్లేది ఆమే. నేనేమో చదువుకుంటుండగా ఎవరైనా తలుపు తడితే విసుక్కుంటాను. ఇంత చదివి నేనేం బాగుపడ్డానా అనిపిస్తోంది. చదవడం తగ్గించి సేవ మీద దృష్టి పెట్టాలా? ప్లాన్ మధ్యలో వదిలేస్తే తప్పా? ఇంకో మాట. మా సంఘంలో స్త్రీల కూడికలో వాక్యం చెప్పమని అడుగుతున్నారు. ఈ స్థితిలో ఒప్పుకోవచ్చా?
– ఒక సోదరి

సమాధానం:

సోదరీ, వందనాలు.

ముందు మీ అత్తయ్య సంగతి. మీ ఉత్తరంలో ఆమె చదవని మనిషి, మీరు చదివే మనిషి. ఆ లెక్క సరైనది కాదనుకుంటాను. మొదటి శతాబ్దపు సంఘాల్లో విశ్వాసులెవరికీ ఇంట్లో బైబిల్ లేదు. పౌలు పత్రిక వస్తే ఒకరు పైకి చదివేవారు, మిగతావాళ్లు వినేవారు. థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రిక చివర్లో దీన్ని సహోదరులందరికీ చదివి వినిపించాలని పౌలు గట్టిగా చెబుతాడు. ప్రకటన గ్రంథం మొదట్లో చదివేవాడితో పాటు వినేవాళ్లూ, విన్నది గైకొనేవాళ్లూ ధన్యులని ఉంది. ఆదివారం విన్నదాన్ని వారమంతా మనసులో తిప్పుకుంటూ, బుధవారం ఎవరింటికో నడిచి వెళ్లే మనిషి వాక్యాన్ని అధ్యయనం చేస్తున్నట్టే. మీరు రోజూ పుటలు తిప్పుతున్నారు, ఆమె కొన్ని మాటల దగ్గర ఏళ్ల తరబడి ఆగి ఉన్నారు. మీ ఇద్దరి మధ్య నాకు కనిపించే తేడా అదే.

కాబట్టి చదవడం తగ్గించాలా అంటే, అధ్యాయాల సంఖ్య తగ్గించండి, చదవడం తగ్గించకండి. ప్లాన్ వదిలేస్తే పాపమేమీ కాదు. బైబిల్‌లో మొత్తం 1,189 అధ్యాయాలు. వాటిని 365తో భాగిస్తే రోజుకు మూడు పైచిలుకు వస్తాయి. మీ టెన్షన్ అంతా ఈ భాగాహారం దగ్గర పుట్టిందే. పైగా ఈ అధ్యాయాల విభజన యెషయాకూ తెలియదు, పౌలుకూ తెలియదు. ఇప్పుడు మనం వాడుతున్న విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే మతాచార్యుడు చేసిందని చెబుతారు. కొత్త నిబంధనలో ఇప్పటి వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి వీలుగా పెట్టిన గుర్తులు అవి, రోజువారీ కోటా కోసం కాదు. ఏడాదిలో బైబిల్ చదవడం మంచిదే. మొత్తం కథ ఒక్కసారైనా తెలియాలి కదా. మీకు మూడుసార్లు తెలిసింది. ఇక చాలు.

ఇప్పుడు మీకు విసుగు పుట్టించిన లేవీయకాండానికే వద్దాం. 19వ అధ్యాయం తీయండి. మీ ప్లాన్‌లో ఇది బహుశా పక్క అధ్యాయాలతో కలిసి ఒకే టిక్కులో దాటిపోయి ఉంటుంది. 9, 10 వచనాల్లో, కోత కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదవాళ్లకూ పరదేశులకూ విడిచిపెట్టు అని ఉంది. 13వ వచనంలో కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు అని. 14లో చెవిటివాణ్ని తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం వేయొద్దు అని. ఆ వరుసలోనే 18వ వచనం: నిన్ను వలె నీ పొరుగువాణ్ని ప్రేమించు. గోడల మీద పెద్ద అక్షరాలతో కనిపించే ఆ మాటకు ఇరుగుపొరుగున ఉన్నవి కూలి డబ్బులు, పొలం అంచులు, గుడ్డివాడి దారి. ప్రేమ అంటే ఏమిటో ఆ అధ్యాయం చేతికి పని చెప్పి మరీ నేర్పుతుంది.

ఈ వచనాన్ని పట్టుకునే లూకా 10వ అధ్యాయంలో ఒక ధర్మశాస్త్ర ఉపదేశకుడు యేసు దగ్గరకు వచ్చాడు. నిత్యజీవానికి ఏం చేయాలని అడిగితే, ధర్మశాస్త్రంలో ఏముంది, నువ్వెలా చదువుతున్నావు అని యేసు ఎదురు అడిగాడు. ఆ పండితుడు తప్పు లేకుండా చెప్పాడు, లేవీయకాండం 19:18తో సహా. సరిగా చెప్పావు, అలాగే చెయ్యి అన్నాడు యేసు. అక్కడ ఆగితే బాగుండేది. కానీ అతను తను నీతిమంతుడినని అనిపించుకోవాలని ‘నా పొరుగువాడు ఎవడు’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు యేసు చెప్పిన జవాబే మంచి సమరయుడి కథ. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని చూసి, దేవాలయ సేవ చేసే యాజకుడూ లేవీయుడూ పక్కనుంచి వెళ్లిపోయారు. ఆగి సాయం చేసింది యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. ధర్మశాస్త్రం ఆ యాజకుడికీ లేవీయుడికీ కొత్తేం కాదు.

నన్ను ఎక్కువగా ఆపేది మరొకటి. ఆ పండితుడు 18వ వచనం చెప్పి, పొరుగువాడెవడని అడిగాడు. అదే లేవీయకాండం 19లో ఇంకో పదహారు వచనాలు ముందుకు వెళ్లి ఉంటే 34వ వచనం ఉంది: మీ మధ్య నివసించే పరదేశిని మీలో పుట్టినవాడిలాగే ఎంచి నిన్ను వలె ప్రేమించు, ఐగుప్తులో (ఈజిప్టులో) మీరూ పరదేశులే. అతని ప్రశ్నకు జవాబులో సగం అతను కంఠస్థం చేసిన అధ్యాయంలోనే ఉంది. తెలిసిన వచనం దగ్గర అతను ఆగిపోయాడు. వచనాలు తెలిసి ఉండడానికీ వాక్యం చదవడానికీ ఉన్న దూరం ఇక్కడ బాగా కనిపిస్తుంది.

ఈ రెండూ చదివాక రూతు గ్రంథం తీయండి. నాలుగే అధ్యాయాలు. అత్తాకోడళ్ల కథ కూడా. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని నయోమి బేత్లెహేముకు తిరిగొచ్చింది. కోడలు రూతు మోయాబీయురాలు, అంటే పరదేశి, పైగా విధవరాలు. ఇద్దరూ ఆకలితో ఉండకుండా కాపాడింది ఏమిటి? పొలం అంచుల గురించి మీరు టిక్కు పెట్టి దాటేసిన ఆ రెండు వచనాలే. రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్లిన పొలం బోయజుది. చట్టం ప్రకారం ఆమెను వెళ్లగొట్టకుండా ఉంటే అతని పని అయిపోయింది. అతను అక్కడ ఆగలేదు. ఆమెను అవమానించొద్దు, గద్దించొద్దు అని పనివాళ్లకు చెప్పాడు. పనల్లోంచి కొన్ని కంకులు కావాలనే లాగి ఆమె ఏరుకునేలా వదలమన్నాడు. చేతికి తెచ్చి ఇవ్వలేదు చూడండి, తన కష్టంతో తను సంపాదించుకున్నాననే గౌరవం ఆమెకు మిగిల్చాడు. సాయం చేసేవాళ్లు ఈ రెండో అధ్యాయం తరచూ చదవాలని నాకనిపిస్తుంది. సాయం అందించే తొందరలో మనం ముందుగా తీసేసుకునేది అవతలివాళ్ల మర్యాదే.

పొలం అంచు ఎంత వదలాలో లేవీయకాండం చెప్పలేదు. తర్వాతి కాలపు యూదు రబ్బీలు దీని గురించి చర్చించి, అరవయ్యో వంతుకు తగ్గకూడదని తేల్చారు. ఆ రబ్బీల బోధలను కూర్చిన మిష్నా అనే గ్రంథంలో ఉంది ఆ మాట. కానీ దీనికి పై హద్దు లేదని కూడా వాళ్లే అన్నారు. బోయజు కింది హద్దు చూసుకున్న మనిషి కాదు. ఎందుకలా అనుకుంటే, మీరు విసుక్కునే వంశావళి ఒకటి కొంత సాయం చేస్తుంది. మత్తయి మొదటి అధ్యాయంలో బోయజు తల్లి రాహాబు అని ఉంది. యెరికో నుంచి వచ్చి ఇశ్రాయేలీయుల్లో కలిసిన పరదేశి ఆమె. ఐగుప్తులో మీరూ పరదేశులే అన్న మాట బోయజుకు ఇంట్లోనే ఉంది. రూతును చూసినప్పుడు అతనికేం గుర్తొచ్చిందో గ్రంథం చెప్పదు, మనం ఊహించి చెప్పకూడదు కూడా. కానీ ఈ నాలుగు చోట్లను పక్కపక్కన పెట్టుకుని ఒక వారం కూర్చుంటే, దేవుడు ఎలాంటివాడో నెమ్మదిగా తెలుస్తుంది. ఆకలిగొన్నవాళ్ల కోసం కోతకు ముందే ఏర్పాటు చేసేవాడు, పరాయి మనిషికి కూడా చోటు చూపించేవాడు. విశ్వాసం లోతుకు వెళ్లడం అంటే నాకు తెలిసినంతవరకు ఇదే. పొద్దున మనసు తేలికగా ఉందా బరువుగా ఉందా అనేదాని మీద అది అంతగా ఆధారపడదు.

వాక్యమా, సేవా అని మీరు అడిగినది కొత్త ప్రశ్న కాదు. అపొస్తలుల కార్యములు 6లో ఇదే గొడవ. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే పంపిణీలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు వచ్చింది. మేం వాక్యం వదిలి భోజనపు బల్లల దగ్గర ఉండడం తగదని అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఇంతవరకే చదివితే వాక్యం ఒక డిపార్ట్‌మెంట్, సేవ ఇంకో డిపార్ట్‌మెంట్ అనిపిస్తుంది. పేజీ తిప్పండి. ఆ ఏడుగురిలో ఒకడైన స్తెఫను అబ్రాహాము నుంచి సొలొమోను దాకా పాత నిబంధన కథంతా చెప్పుకుంటూ వస్తాడు. ఆ పుస్తకంలో అదే అన్నిటికన్నా పొడవైన ప్రసంగం. తర్వాతి అధ్యాయంలో ఇంకొకడు ఫిలిప్పు, రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్తున్న ఐతియొపీయుడికి దాని అర్థం విడమర్చి చెబుతాడు. బల్లల దగ్గర వడ్డించడానికి ఎన్నుకున్న మనుషులు వీళ్లు. ఎవరు ఆకలితో ఉన్నారో, పంపిణీలో ఎవరు తప్పిపోతున్నారో గమనించే కన్ను వాళ్లకు లేఖనాల్లోంచే వచ్చి ఉండాలి. విధవరాలినీ పరదేశినీ మరిచిపోవద్దని ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ అంటున్నంతగా ఇంకేదీ అనదు.

లేఖనమంతా దైవావేశం వల్ల కలిగిందన్న 2 తిమోతి 3:16 మనలో చాలామందికి నోటికొచ్చు. 17వ వచనం అంతగా రాదు. ప్రతి మంచి పనికీ పూర్తిగా సిద్ధపడడానికే ఆ లేఖనమంతా అని పౌలు అక్కడ వాక్యం పూర్తి చేస్తాడు.

సరిగా చదవకుండా సేవకు వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన మధ్య చాలా జరుగుతుంది. ‘నీ స్థితి మొదట కొద్దిగా ఉన్నా తుదకు నీవు మహాభివృద్ధి పొందుతావు’ అనే మాట ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో మీకు తెలుసు. యోబు గ్రంథం 8:7 అది. చెప్పింది దేవుడు కాదు, ప్రవక్త కాదు, యోబును ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడు, షూహీయుడైన బిల్దదు. ఎప్పుడు చెప్పాడు? పదిమంది బిడ్డలను పోగొట్టుకున్న తండ్రితో, మూడు వచనాల ముందే, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే దేవుడు వాళ్లను వాళ్ల తిరుగుబాటుకు అప్పగించాడేమో అన్న తర్వాత. చివరి అధ్యాయంలో ఎలీఫజుతోనూ అతని ఇద్దరు స్నేహితులతోనూ, మీరు నా గురించి సరిగా మాట్లాడలేదని దేవుడు కోపగించుకుంటాడు. యోబు స్థితి చివరికి బాగుపడిన మాట నిజమే, అయినా ఆ వచనాన్ని గోడకు తగిలించే ముందు దాని చుట్టూ ఉన్న అధ్యాయం చదవాలి. లేకపోతే బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఆదరణ పేరుతో బిల్దదు మాట పట్టుకుని వెళ్తాం. ఆ ముగ్గురూ చేసిన మంచి పని ఒకటుంది. వచ్చిన మొదట్లో ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. మీ అత్తయ్య రోగుల దగ్గరకు వెళ్లినప్పుడు ఎంత మాట్లాడతారో, ఎంతసేపు ఊరకే కూర్చుంటారో ఒకసారి గమనించండి.

ప్రార్థనలో మాటలు రావడం లేదన్నారు. కీర్తనలు ఉన్నది అందుకే. 88వ కీర్తన మొదటి నుంచి చివరిదాకా చీకటే, ఆఖరి మాటతో సహా. వెలుగులోకి తిరిగే మలుపు దానిలో లేదు. అలాంటి ప్రార్థనను కూడా లేఖనంలో ఉండనిచ్చారు. బాధలో ఉన్న ఒకరిని చూసి వచ్చిన సాయంత్రం దాన్ని చదవండి, వాళ్ల పేరు మనసులో పెట్టుకుని. మీ గొంతు పెగలకపోయినా, ఆ కీర్తన పైన పేరున్న కోరహు కుమారుల మాటలు మీ కోసం ప్రార్థిస్తాయి. సేవ చదువుకు ఏం ఇస్తుందో మీకు అక్కడ తెలుస్తుంది. జ్వరంతో మూలుగుతున్న మనిషి పక్కన ఎన్నడూ కూర్చోనివాళ్లకు ఆ కీర్తనలో సగం అర్థం కాదు.

తలుపు చప్పుడుకు విసుగు వస్తుందని మీరు సిగ్గుపడుతున్నారు. కొంత విసుగు ఆ నాలుగు అధ్యాయాల హడావుడి వల్లే. కోటా పూర్తి కానప్పుడు వచ్చినవాళ్లు ఆటంకంలాగే కనిపిస్తారు. కోటా తీసేస్తే కొంత తగ్గుతుంది. మిగిలిన విసుగు అలసట. మంచి సమరయుడి కథ అయిన వెంటనే లూకా ఏ సంఘటన పెట్టాడో చూశారా? మార్త, మరియ అనే అక్కచెల్లెళ్లది. యేసు ఇంటికి వస్తే మరియ ఆయన మాటలు వింటూ కూర్చుంది, మార్త పనుల్లో పడింది. ‘నువ్వూ వెళ్లి అలాగే చెయ్యి’ అన్న మాట ముగియగానే, చేసీ చేసీ చిరాకుపడుతున్న మార్తకు కాసేపు ఆగమని చెప్పే ఘట్టం. వెళ్లాల్సినవాడికి వెళ్లమని, కూర్చోవాల్సిన ఆమెకు కూర్చోమని ఒకే అధ్యాయంలో యేసు చెప్పాడు. మీరు ఏ రోజు ఎవరో మీకే తెలియాలి. తెల్లవారుజామున ఎవరూ లేనిచోట ప్రార్థించుకోవడానికి యేసు లేచి వెళ్లిపోయినట్టు మార్కు 1:35లో ఉంది. ఆయన కూడా తలుపు వేసుకునే వేళ ఒకటి ఉంచుకున్నాడు. ఇంట్లో వాళ్లకు మీ వేళ చెప్పండి, తప్పేం లేదు.

ఇక ఎలా చదవాలి అంటే, నేను చెప్పేది ఒక్కటే. మీ అత్తయ్యకు పైకి చదివి వినిపించండి. రూతుతో మొదలుపెట్టండి, ఒక అధ్యాయాన్ని వారం పాటు. మొదటి రోజు ఊరికే కథలా. మర్నాడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎందుకు అని అడుగుతూ. పక్కన వేసిన రిఫరెన్సులు వెతికి, అవి ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్లండి. ఆమెను అడగండి, ఇది వింటే మీకు ఎవరు గుర్తొస్తున్నారు అత్తయ్యా అని. ఆమె ఒక పేరు చెబుతారు. ఆ వారం ఇద్దరూ కలిసి ఆ ఇంటికి వెళ్లండి. చదవడం వచ్చిన కోడలు, వెళ్లడం వచ్చిన అత్త ఒకే ఇంట్లో ఉండి వేర్వేరుగా తంటాలు పడడం నాకు నచ్చలేదు. రూతు తర్వాత యాకోబు పత్రిక. ఐదు అధ్యాయాలు. బట్టలు లేక, ఆ రోజు తిండి లేక ఉన్నవాళ్లతో ‘సమాధానంగా వెళ్లండి, చలి కాచుకోండి’ అని చెప్పి పంపేస్తే ఏం లాభమని రెండో అధ్యాయంలో అడుగుతాడాయన. ఆ పత్రిక మీ అత్తయ్యకు బాగా నచ్చుతుందనుకుంటాను.

వినడంతో పని ఆగిపోని ఉదాహరణ ఇంకొకటి, నెహెమ్యా 8లో. తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా శాస్త్రి అయిన ఎజ్రా జనానికి ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు అర్థం చెప్పారు. జనం ఏడ్చారు. ఏడవొద్దు, వెళ్లి తినండి, తాగండి, తమ కోసం ఏమీ సిద్ధం చేసుకోలేనివాళ్లకు వంతులు పంపండి అని వాళ్లకు చెప్పారు. మర్నాడు పెద్దలు మళ్లీ ఎజ్రా దగ్గర కూడి ఇంకా చదివారు.

స్త్రీల కూడిక గురించి. వెంటనే ఒప్పుకోవద్దు, కాదనీ అనొద్దు. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉంటుందన్న యాకోబు 3:1 తేలిక మాట కాదు. కొంత గడువు అడగండి. ఇంట్లో రూతు గ్రంథం పూర్తయ్యాక వెళ్లండి, అదే గ్రంథంతో. ప్రసంగం సిద్ధం చేసుకోకండి, అధ్యాయానికి నాలుగైదు ప్రశ్నలు రాసుకెళ్లండి. నయోమి ‘నన్ను మారా (అంటే చేదు) అనండి’ అని ఎందుకంది, పనివాళ్లకు బోయజు ఆ మాట ఎందుకు చెప్పాల్సి వచ్చింది, ఇలాంటివి. చదవడం రానివాళ్ల కోసం ముందు అధ్యాయమంతా ఒకరు పైకి చదవాలి. చివర్లో కొంత సమయం ఉంచి, సంఘంలో మంచాన పడ్డవాళ్లెవరు, ఒంటరిగా ఉన్నవాళ్లెవరు, ఈమధ్య కూడికలకు రావడం మానేసిందెవరు అని అడిగి పేర్లు రాసుకోండి. ఒక్కో పేరుకు ఇద్దరు చొప్పున వెళ్లేలా అక్కడే పంచేయండి. తర్వాతి వారం మొదట వాళ్ల సంగతులు వినండి, ఆ తర్వాతే రెండో అధ్యాయం తెరవండి. పాస్టరు గారికి ఈ పద్ధతి ముందే చెప్పి పెట్టండి, ప్రసంగం ఏదమ్మా అని తర్వాత అడగకుండా.